అద్దె మొహాలు

ఇంటిల్లిపాదీ ఆవిడకి పెట్టిన పేరు బెంగమ్మ. ఎవరైనా ఇంటికి రావటం కాస్త ఆలస్యమైతే చాలు, ఆవిడ మనసులో అంబులెన్సు రావటం, ఆసుపత్రిలో చేర్చటం, నలుగురూ చేరి ఏడవటం అన్నీ వరసగా జరిగిపోయేవి. అలాంటి మనిషి కడుపున పుట్టిన పిల్ల, నెల తిరిగేసరికి జీతం చేతికొచ్చే బిల్లింగు కౌంటరు ఉద్యోగం మానేసి, వీధివైపు గదిలో రెండు లైట్లు, ఓ తెల్ల గొడుగు, వెనకాల బూడిదరంగు తెరా పెట్టుకుని ఫొటోగ్రాఫర్నంటూ కూర్చుంది.

"పెళ్ళిళ్ళు తీస్తావా?" అన్నాడు తండ్రి.

"తీయను నాన్నా. ఒక కుర్చీ, ఒక మనిషి. అంతే."

"ఎంత పుచ్చుకుంటావు?"

"మూడు వేలు."

బెంగమ్మ చేతిలో గరిటె జారి పొయ్యి మీద పడింది. "ఒక్క మొహానికి మూడు వేలా! ఎవరి మొహమే అది?"

తండ్రి ఎక్కువ మాట్లాడే రకం కాదు. ఆ గది అద్దెకిమ్మని మందుల షాపాయన చాలాకాలంగా ఆయన వెంటపడుతున్నాడు. "వానాకాలం వెళ్ళేదాకా గది నీది. ఈలోపు ఆయనిచ్చే అద్దెపాటి సంపాదన నాకు కనబడాలి. కనబడకపోతే గది ఆయనకి, నువ్వు కౌంటరుకి," అన్నాడు.

గుమ్మం పక్కన రేటు రాసిన బోర్డు వేలాడింది. దాన్ని చూడటానికైతే జనం బాగానే వచ్చారు. ఓ పెద్దమనిషి లోపలికొచ్చి, గోడమీదున్న నమూనా ఫొటోలో ఒక పక్క వెలుగు, ఒక పక్క నీడ ఉండటం చూసి, "సగం మొహమే కనబడుతోంది కదమ్మా, సగం రేటుకి తియ్యరాదూ?" అన్నాడు. అది హాస్యమనుకుంటే బాగుండేది. ఆయన నిజంగానే అడిగాడు. ఇంకొకాయన, "మా అబ్బాయి ఫోను మొహం మీద మచ్చలు కూడా చెరిపేస్తుంది, అదీ ఊరికే," అన్నాడు. మచ్చలు పోతాయి సరే, ఆ మొహం ఎక్కడికి పోతుంది అనుకుంది తలుపు చాటునున్న బెంగమ్మ.

వాళ్ళని ఎంత ఈసడించుకుందో, వాళ్ళు అలా వెళ్ళిపోతుంటే అంత హడలిపోయింది.

"తగ్గించవే తల్లీ. వెయ్యి అను. పోనీ ఐదొందలను."

"ఇప్పుడు తగ్గిస్తే మళ్ళీ పెంచలేను. ఐదొందలదాన్ననే పేరు పడిపోతుంది నాకు."

"పేరు సంగతి తర్వాత. ముందు మనిషంటూ రావాలిగా!"

రాకపోతే ఏమవుతుందో బెంగమ్మకి కళ్ళకి కట్టినట్టు కనబడేది. గది పోతుంది. కౌంటరు వాళ్ళు మళ్ళీ తీసుకోరు. పిల్ల గదిలో గడియ పెట్టుకుంటుంది. తలుపు ఎంత కొట్టినా తియ్యదు. అక్కడిదాకా వచ్చేసరికి ఆవిడ లేచివెళ్ళి పిల్ల గది తలుపు తీసే ఉందో లేదో చూసొచ్చేది.

ఒకరోజు మధ్యాహ్నం బీరువాలో దుప్పట్ల కింద దాచుకున్న డబ్బు తీసి కొంగున కట్టుకుని బయల్దేరింది. గౌరవమున్నవాళ్ళ జోలికి పోలేదు. కాదంటే తర్వాత వాళ్ళకి మొహం ఎలా చూపిస్తుంది? తను లోలోపల ఛీ అనుకునేవాళ్ళనే ఏరుకుంది. అలాంటివాళ్ళే కాదనరని ఆవిడకి గట్టి నమ్మకం. ఆ నమ్మకం వమ్ము కాలేదు.

తీసుకెళ్ళిన గిన్నె తిరిగివ్వటమన్నది ఎరగని ఎదురింటావిడ, డబ్బు జాకెట్లో దోపుకుంటూ, "మరి కట్టుకోటానికి మంచి చీరేదీ? నీ నీలం పట్టుచీర ఇద్దూ," అంది. పిల్లలు చదువుతుంటే కుర్చీలో గురకపెట్టే ట్యూషను మాస్టారు, "ఫొటో డబ్బులు సరేనండీ, మరి నా టైముకో?" అన్నాడు. భర్త అక్కగారు, అంటే బెంగమ్మ ఆడపడుచు, అందరికన్నా పై మెట్టు. "ఈ వయసులో నాకెందుకే ఫొటో! ఏదో మేనకోడలు పైకి రావాలని ఒప్పుకుంటున్నాను," అంటూనే నోట్లు రెండుసార్లు లెక్కపెట్టుకుంది.

వాళ్ళు ఒకరి వెనక ఒకరొచ్చి కుర్చీలో కూర్చుని, బెంగమ్మ డబ్బే బెంగమ్మ కూతురి చేతిలో పెట్టి వెళ్ళారు. మాట ఎలా పాకిందో పాకింది. ఆ ఇంట్లో కుర్చీలో కూర్చుంటే డబ్బూ ఇస్తారు, ఫొటో కూడా ఇస్తారని మాస్టారి బావమరిది వచ్చాడు, ఎదురింటావిడ తోడికోడలు వచ్చింది. అందరూ ముందు పెరటి గుమ్మం దగ్గర చెయ్యి చాపి, తర్వాత వీధి గుమ్మంలోంచి దర్జాగా లోపలికి వచ్చేవారు. అంత సిగ్గులేని జనం ఒక్క వీధిలో ఉన్నారని బెంగమ్మకి అన్నేళ్ళూ తెలియనే లేదు.

కూతురు మాత్రం ఒకటే ఆలోచనగా ఉండేది. "ఓ వింత చెప్పనా అమ్మా? వచ్చినవాళ్ళెవ్వరూ అద్దం చూసుకోవటం లేదు. జుట్టు సర్దుకోరు. ఎలా వచ్చిందో చూపించమనరు. బస్సు కోసం కూర్చున్నట్టు కూర్చుని లేచిపోతున్నారు."

"నీ మీద నమ్మకమేమోనే."

"కావచ్చు. గిరాకీ కూడా బాగానే ఉందిగా. ఐదు వేలు చేస్తున్నాను."

ఆ మాట విని బెంగమ్మ వెళ్ళి బీరువా తీసి చూసింది. దుప్పట్ల కింద ఇంక దుప్పట్లే మిగిలాయి.

కొత్త రేటు పెట్టాక పెరటి గుమ్మానికి ఎవరూ రాలేదు. ఇవ్వటానికి ఆవిడ దగ్గరేం లేదని వాళ్ళకి ఆవిడకన్నా ముందే తెలిసినట్టుంది. వానలు తగ్గుముఖం పట్టాయి. అప్పుడొచ్చింది పళ్ళ డాక్టరమ్మ. బజారు చివర ఆసుపత్రి నడుపుతోంది, బోర్డు మీదకి ఫొటో కావాలి. రేటు విని, "ఎక్కువే," అంది. బేరమాడలేదు, వెళ్ళిపోనూలేదు. అద్దం ముందు నిలబడి కళ్ళజోడు పెట్టుకుని చూసుకుంది, తీసి చూసుకుంది. తీసిన ప్రతి ఫొటో చూపించమంది.

"నా ముక్కు ఇంత వంకరా?"

"కొంచెం అటు తిరిగి ఉందండీ. మీరు గడ్డం దించితే కనబడదు."

"గడ్డం దించితే భయపడుతున్నట్టు ఉంటాను. పేషెంట్లు నాకు భయపడాలి గానీ!"

ఇద్దరూ ఎడతెగకుండా వాదించుకుంటున్నారు. కూతురు మొహం అలా వెలగటం బెంగమ్మ ఈ మధ్య చూడలేదు. సరిగ్గా అప్పుడు వీధి తలుపు తోసుకుని ఆడపడుచు లోపలికొచ్చింది.

"ఏమేవ్, నా ఫొటో ఇంకో కాపీ కావాలి. మా వియ్యపురాలు అడుగుతోంది."

"ప్రింటుకి విడిగా అవుతుంది అత్తా."

"అయితే మీ అమ్మనడుగు. మొదటిదానికిచ్చింది మీ అమ్మేగా! నాకొక్కదానికేమిటి, ఈ వీధిలో నువ్వు తీసిన మొహాలన్నీ మీ అమ్మ అద్దెకి తెచ్చినవే."

కూతురు కెమెరా మెల్లగా స్టాండుకి తగిలించింది. తల్లివైపు చూడలేదు. చూసి ఉంటే బాగుండునని బెంగమ్మకి అనిపించింది. ఆడపడుచు ఒక్కతే హాయిగా తెర రంగు బాలేదంటోంది.

"మీరు కాసేపు బయట కూర్చోండి. మీ నోట్లో మీకు ఎక్కువైన పళ్ళు నాకు ఇక్కణ్ణించే కనబడుతున్నాయి," అంది డాక్టరమ్మ. ఆడపడుచు నోరు మూసుకుని బయటికి నడిచింది.

కూతురు డాక్టరమ్మ వైపు తిరిగింది. "విన్నారుగా. సొంత డబ్బుతో ఇక్కడ కూర్చున్నది మీరొక్కరే. వద్దనుకుంటే ఆపేద్దాం."

"నేను ఆసుపత్రి పెట్టినప్పుడు మా అన్నయ్య ఇదే పని చేశాడు. డబ్బులిచ్చి మనుషుల్ని పంపించాడు. గట్టి పన్ను పీకించుకుని పోయాడు ఒక ప్రబుద్ధుడు. వాడికి రెండొందలు ముట్టాయిట." డాక్టరమ్మ కుర్చీలో సర్దుకుంది. "వాళ్ళ సంగతి నాకెందుకు? బాగా వస్తే ఐదు వేలూ ఇస్తాను. రాకపోతే పైసా ఇవ్వను. కానివ్వు."

బాగానే వచ్చింది. వంకర ముక్కు వంకరగానే ఉంది, మనిషి మాత్రం దాన్ని లెక్కచేసేలా లేదు. ఐదు వేలూ ఇచ్చి వెళ్ళింది.

సాయంత్రం తండ్రి రాగానే కూతురు సొరుగులో డబ్బంతా బల్లమీద పోసింది. డాక్టరమ్మ ఇచ్చింది పక్కకి తీసి, మిగతాది తల్లివైపు తోసింది. "ఇది అమ్మది. నేను సంపాదించింది ఇది, నాన్నా."

"అద్దెకి చాలదు," అన్నాడాయన.

"చాలదు. గది ఆయనకిచ్చెయ్యండి. నేను మేడమీద సామాన్ల గదిలోకి పోతాను."

"కౌంటరుకి?"

"వెళ్ళను."

"రేటు?"

"ఐదు వేలే."

బెంగమ్మ ఉండబట్టలేకపోయింది. "తిట్టవే నన్ను! తిట్టకుండా ఈ పంతమేమిటి? ఎవరూ రారే పిచ్చిదానా!"

"ఒకావిడ వచ్చిందిగా. నువ్వు పిలవకుండా వచ్చింది," అంది కూతురు. తిట్టినా బాగుండేది.

మందుల షాపాయన అట్టపెట్టెలతో గదిలో దిగాడు. లైట్లు, గొడుగు, కుర్చీ మేడెక్కాయి. మెట్ల మీంచి ఎవరైనా జారిపడితే కేసవుతుందేమోనని బెంగమ్మ కమ్మీకి తాళ్ళు కట్టింది. పడటానికైనా ఎవరైనా వస్తే కదా అని కూడా అనుకుంది.

రానే వచ్చింది ఆడపడుచు, సింగారించుకుని మరీ. ఈసారి ఫొటో ఇంకా పెద్దది కావాలిట, హాల్లో పెట్టుకోవటానికి. మెట్ల దగ్గరే బెంగమ్మని పట్టుకుంది. "మనవాళ్ళకెంతే?"

"ఐదు వేలు వదినా."

"సరేలే, పైవాళ్ళకి చెప్పే మాట నాకెందుకు! అసలు రేటు చెప్పు."

"అసలు రేటే అది. ఈసారి మీ పర్సులోంచి ఇవ్వాలి."

"సొంత మేనకోడలికి నేను డబ్బివ్వటమా!"

"మేనకోడలికి ఊరికే ఇవ్వక్కర్లేదు. ఫొటోకివ్వండి."

ఆడపడుచు మొహం కందగడ్డయింది. "ఓహో! చూస్తాగా, ఒక్క పురుగైనా మీ మెట్లెక్కుతుందేమో. మన బంధువుల్లో ఎవరినీ ఇటు రానివ్వను," అని విసవిసా నడిచింది.

అన్నంత పనీ చేస్తుంది. పొద్దుగూకేలోపు చుట్టాలందరికీ తెలిసిపోతుంది. ఎవరూ రారు. పిల్ల ఆ సామాన్ల గదిలోనే పెద్దదైపోతుంది. బెంగమ్మ గేటుదాకా పరిగెత్తింది. 'వదినా, పోనీ సగమివ్వండి' అన్నది నాలుక చివరిదాకా వచ్చింది.

మింగేసింది. గేటు వేసి గడియ పెట్టింది.

"పోతే పోనీ, దిక్కుమాలిన మొహం," అంది పైకే. అన్నాక భయమేసి, ఎవరైనా విన్నారేమోనని అటూ ఇటూ చూసింది.