గుండు మరిచిన జోలపాట

ఆబిడ్స్‌లో ఐదంతస్తుల బిల్డింగుకు నేను లిఫ్ట్‌మ్యాన్‌ని. మెదక్ పక్క ఊరు వదిలి నాంపల్లిలో కిరాయికుంటున్నాం. రెండువేల నాలుగులో మా ఏంజెలీనా ఎనిమిదో తరగతి. శనివారం ఒంటిపూట బడి కాగానే నా దగ్గరికి వచ్చేది. నాలుగో అంతస్తు ఆఫీసులో పనిచేసే అమరేశ్వరరావు గారి కూతురు అలేఖ్య కూడా వచ్చేది. ఇద్దరూ మెట్ల మీద కూర్చుని, చేతిలో పట్టే గేమ్ మిషన్లు రెండింటికీ వైరు కలిపి, తమ జంతువులకు కుస్తీ పెట్టేవాళ్లు.

ఆ ఆటలో జంతువును పట్టి సంచిలో వేసుకోవాలి, గడ్డిలో తిప్పాలి, ఎదురైన వాటితో కొట్లాడించాలి. గెలిచినకొద్దీ లెవల్ పెరుగుతుంది. మా అమ్మాయిది ఒక కప్ప. పేరు గుండు. అది జోలపాట పాడితే అవతలిది నిద్రపోతుంది. తనకు రెండింతలున్న దాన్ని కూడా అట్లా పడుకోబెట్టి గెలిచేది.

పరీక్షలొచ్చాయి. అయ్యేదాకా ముట్టనని ఏంజెలీనా మిషన్ నా చేతికిచ్చింది. ఈలోపు అలేఖ్య మిషన్‌లో పెట్టే ఆట క్యాసెట్ కొత్తది కొన్నది. అందులో సంచిలో ఊరికే కూర్చున్న జంతువులకూ బలం వస్తుందట. ఆమెవన్నీ యాభయ్యో లెవల్ దాటాయి. గుండుది ఇరవై ఆరు.

"ఇంక ఏంజీతో ఆడలేనంకుల్. ఒక్క దెబ్బకే అయిపోద్ది" అంది అలేఖ్య లిఫ్టులో.

మా అమ్మాయికి ఉన్న స్నేహితురాలు ఆ పిల్ల ఒక్కతే.

మూడో అంతస్తులో పాత క్యాసెట్లు మార్చి ఇచ్చే మైకేల్‌ను అడిగాను.

"పాతది గీడ పెట్టి కొత్తది పట్కపో అన్నా. వారంల అన్ని పెరుగుతయి."

మరి గుండు ఏమవుతుందంటే, పాతదాంట్లో ఉన్నవి దాంతోనే పోతాయన్నాడు.

మా నాయన ఒక ఏడాది కోడెలను కాడికి అలవాటు చేసే తీరిక లేక, పని నేర్చిన ఎద్దుల జతను సంతలో కొన్నాడు. అదును తప్పకుండా విత్తనం పడ్డది. అది చిన్న లాభం కాదు. కానీ ఆ ఎద్దులు నాయన అదిలించినప్పుడల్లా ఆగి, ఇంకెవరి గొంతో వెతుక్కునేవి.

క్యాసెట్ మార్చలేదు. నేనే పెంచుదామనుకున్నాను. లిఫ్టులో స్టూలు మీద కూర్చుని, పైకీ కిందికీ పోతూ, పదిహేను రోజులు గుండును గడ్డిలో తిప్పాను. మూడో అంతస్తు అన్నవాళ్లను ఐదుకు తీసుకుపోయిన సందర్భాలున్నాయి. నాది ఏడో తరగతి దాకా తెలుగు చదువు. తెర మీద ఇంగ్లీషులో ఏదో అడిగేది. కాదంటే పని ఆగుతుందేమోనని ఔనన్న బటన్ నొక్కేవాణ్ణి. యాభై రెండుకు తెచ్చాను.

పరీక్షలైన శనివారం మిషన్ ఇచ్చాను. లెవల్ చూసి నోరు తెరిచింది. తర్వాత లోపల ఏదో చాలాసేపు వెతికింది.

"జోలపాట లేదు డాడీ."

అప్పుడు చెప్పింది. జంతువుకు నాలుగు విద్యలే పడతాయి. కొత్తది వచ్చినప్పుడల్లా, పాతదొకటి మరవాలా అని అడుగుతుంది. నేను ప్రతిసారీ ఔనన్నాను. పోయినదాన్ని తిరిగి నేర్పే దారి ఆ క్యాసెట్‌లో లేదు.

పదిహేను రోజులు ఓపికగానే చేశాను. అయినా నా బిడ్డకు అది సంచిలో పెరిగిన జంతువే అయింది.

అలేఖ్య వైరు పట్టుకుని నిలబడి ఉంది. "నావీ అంతేనే. వేటికేం వచ్చో సగం తెలీదు. మా నాన్న రోజుకు అరగంటే ఆడనిస్తారు. పాత క్యాసెట్టయితే ఇంతదాకా వచ్చేదాన్నే కాదు" అంది.

అదీ నిజమే.

ఏంజెలీనా మిషన్ నా ఒళ్లో పెట్టింది. "గుండును పెంచింది నువ్వు. నువ్వే ఆడు."

"నాకు పేర్లు చదవరాదు బిడ్డా."

"పేర్లెందుకు? ఏది నొక్కితే ఏం జేస్తదో నీకెర్కే గద."

ఎరుకే. పైది నొక్కితే దూకుతుంది. కిందిది నీళ్లు చిమ్ముతుంది. మూడోది చేస్తే అలిసి ఒకసారి ఆగుతుంది. మెట్ల మీద కూర్చున్నాను. అలేఖ్య వైరు కలిపింది. పైనుంచి ఎవరో బెల్లు కొడుతున్నారు. అలేఖ్య ప్రతిసారీ చదువుకుని నొక్కుతోంది. నేను చదవకుండా నొక్కాను. ఆ పిల్ల జంతువులు రెండింటిని పడగొట్టాను. మూడోదాని చేతిలో గుండు పడిపోయింది.

"పాట ఉంటే గెల్చేటోనివి" అంది మా అమ్మాయి.

నేను బెల్లు కొట్టినవాళ్ల కోసం పైకి పోయి వచ్చేసరికి, గడ్డిలో ఇంకో పిల్లకప్పను పట్టుకుంది. లెవల్ ఐదు. అలేఖ్య దగ్గరికి జరిగి తెరలోకి తొంగి చూస్తోంది.

"దీనికేం వచ్చు?"

"ఇంకా ఏం రాదు" అంది ఏంజెలీనా.