ఎర్ర పుల్లల పొద

“నీ ఎర్ర పుల్లల పొద ఈ ఏడు భలే ఉంది జయంతీ,” అన్నాడు రాజగోపాల్, కాఫీ కప్పు సింక్‌లో పడేస్తూ.

గిన్నె తోముతున్న జయంతి చెయ్యి ఆగింది. ఆ డాగ్‌వుడ్ పొదని నాటి ఆరేళ్ళయింది. ఇన్నాళ్ళలో ఆయన దాని వంక చూసిన పాపాన పోలేదు. “మా ఆవిడ పుల్లలకి నీళ్ళు పోస్తుంది,” అని నలుగురినీ నవ్వించేవాడు. నడుమెత్తు కూడా పెరగని పొద. ఆకులు రాలిపోయాక, వాళ్ళుండే అరోరా ఊరి మంచులో దాని కొమ్మలు ఎండుమిరపకాయ రంగు తేలతాయి. అది దానంతటదే అయిపోతుందనుకుంటారు అందరూ. ఏటా మార్చిలో, చలికి వేళ్ళు కొంకర్లు పోతున్నా, ముదురు కొమ్మల్ని మొదలంటా కత్తిరించేది జయంతి. కొత్త కొమ్మకే ఆ ఎరుపు; ముదిరితే మట్టిరంగే. ఇంట్లో అలాంటి పనొకటి జరుగుతుందని కూడా ఆయనకి తెలీదు.

మెచ్చుకోలు అక్కడితో ఆగలేదు. గురువారం ఆయనే పొద చుట్టూ మంచు ఎత్తిపోశాడు. శుక్రవారం, “ఈ ఎరుపు ఎన్నాళ్ళుంటుంది?” అని అడిగాడు. జయంతికి అనుమానం వచ్చింది. పదకొండేళ్ళ కాపురంలో ఆయన ఇంత ముద్దుగా మాట్లాడిన వారాలు రెండే. ఒకటి డిట్రాయిట్ వదిలే ముందు, రెండోది క్లీవ్‌లాండ్ వదిలే ముందు. రెండుసార్లూ తన కొత్త ఉద్యోగం, ఊరు అన్నీ ఖాయమయ్యాకే చెప్పాడు. “నీకెందుకులే టెన్షన్ అని,” అన్నాడు. అట్టపెట్టెలు సర్దడం, ఉన్న ఉద్యోగం మానేయడం మాత్రం ఆమె వంతు. ఇక్కడ మళ్ళీ మొదటినుంచి చదివి, పరీక్ష రాసి, పోయిన నెలే హాస్పిటల్ లాబ్‌లో పర్మనెంట్ అయింది. ఛ, మొగుడు ఒక మంచి మాటంటే ఇంత అనుమానమా, అని తనని తనే తిట్టుకుంది.

శనివారం పొద్దున ఫోన్ మోగింది. ఇళ్ళు అమ్మిపెట్టే ఆఫీసు నుంచి ఒకావిడ. ఇంటి ఫోటో తీయడానికి గంటలో వస్తానంది. మంచులో ఎర్ర పొద బాగా కనబడేలా తీయమని మీ ఆయన మరీ మరీ చెప్పారంది. కాలిఫోర్నియా వెళ్తున్నారటగా, అదృష్టవంతులు అని కూడా అంది.

జయంతి థాంక్స్ చెప్పి ఫోన్ పెట్టేసింది. ఒళ్ళు మండిపోయింది. తనని తాను తిట్టుకున్నది గుర్తొచ్చి ఇంకా మండింది. కోటూ, గ్లవ్సూ తొడుక్కుని, గరాజ్‌లోంచి పెద్ద కత్తెర తీసుకుని వాకిట్లోకి వెళ్ళింది. మార్చికింకా రెండు వారాలుంది. ముదురు, లేత అని ఈసారి చూడలేదు. మొదట్లో బెత్తెడు మాత్రం వదిలి, ఒక్కో కొమ్మనీ కత్తిరించి మంచు మీద పడేసింది.

రాజగోపాల్ మేజోళ్ళతోనే పరిగెత్తుకొచ్చాడు. “పిచ్చెక్కిందా నీకు? ఇంకాసేపట్లో వాళ్ళు…” అని ఆగిపోయాడు.

“ఎవరు?” అంది జయంతి.

ఆయన మాట మార్చాడు. “చంపేశావు కదే దాన్ని.”

“చావదండీ. మే కల్లా చిగురేస్తుంది. వచ్చే చలికాలానికి ఇంకా ఎర్రగా ఉంటుంది.”

“అప్పటికి మనం కాలిఫోర్నియాలో ఉంటాం, ఫ్రీమాంట్‌లో. జాబ్ ఆఫర్ యాక్సెప్ట్ చేశాను. నీకు సర్‌ప్రైజ్ ఇద్దామని…”

జయంతి నిదానంగా గ్లవ్స్ విప్పింది.

“మీరు వెళ్ళిరండి,” అంది. “ఇల్లు అమ్మాలంటే నా సంతకం కూడా కావాలి. నేను పెట్టను.”