దొంగ గుంట

రాజకుమారి మరో బిందె గుంటలో కుమ్మరించి నడుం పట్టుకుంది. ఎండ నెత్తిమీదికొచ్చింది. రొయ్యల చెరువు గట్టు కింద రాత్రికి రాత్రి తవ్వించిన ఆ గుంటను ఆడకూలీలు పొద్దుటినుంచీ కాలవ నీళ్ళతో నింపుతూనే ఉన్నారు.

ఇన్నాళ్ళూ సర్కారు చెరువులకు చౌక కరెంటు ఇచ్చింది గానీ, వాటి ఉప్పు మురుగు ఎక్కడికి పోతోందని అడగలేదు. ఊళ్ళో నూతినీళ్ళు ఉప్పెక్కాయి. రాజకుమారి అరెకరానికి పోసుకున్న వరినారు ఆకుమడిలోనే పసుపెక్కి చచ్చింది. ఇప్పుడు కొత్త నిబంధన వచ్చింది: మురుగును గుంటలో నిలిపి, శుద్ధి చేసి వదిలితేనే కరెంటు రాయితీ. యజమాని జయకృష్ణకు నిజం గుంట కంటే దొంగ గుంట చవక. చవకబేరం ఆయన ఎన్నడూ వదులుకోలేదు.

"ఆఫీసరమ్మ అడిగితే సెరువు నీరే ఇందులోకొస్తాదని సెప్పండి. రాయితీ పోయిందా, సెరువు మూసేస్తాను. మీ మూడొందల కూలీ మీరే ఎతుక్కోండి" అని తనిఖీకి ముందే కూలీలను బెదిరించాడు.

రాజకుమారి ఏదో అనబోతే, పక్కనే ఉన్న అత్త నారాయణమ్మ ఆమె చెయ్యి గిల్లింది. "నోరు మూసుకోయే. సెరువు మూసేస్తే ఏటి తింటావు?"

"ఆ ఉప్పునీళ్ళు తాగి బతుకుతన్నామా అత్తా?"

"బతికే ఉన్నాం కదే!"

రాజకుమారికి ఒళ్ళు మండింది. అత్త మాటా అబద్ధం కాదు, అదే ఆమె కోపం.

శ్రీకాకుళం నుంచి జీపు వచ్చింది. ఆఫీసరు అరుణశ్రీ గుంట చుట్టూ తిరిగి, కూలీల వైపు చూసింది. "ఏమ్మా, ఇది చెరువు నీళ్ళేనా?"

అందరూ నేలచూపులు చూశారు. ఇంట్లో రేపటికి బియ్యం లేవు. అది తెలిసే రాజకుమారి నోరు తెరిచింది.

"కాదు మేడం. మేం పోసినాం. సెరువు నీరు కాలవలోకి పోతాది. అక్కడ్నుంచి మా నూతిలోకొస్తాది."

"దీన్ని నిన్ననే పన్లోంచి తీసేసినాను మేడం, కక్షతో వాగుతన్నాది" అన్నాడు జయకృష్ణ తడుముకోకుండా.

అరుణశ్రీ కాలవ వైపు నడిచింది. జయకృష్ణ ఆమె వెనకాలే పరుగెత్తాడు.

నారాయణమ్మ చతికిలబడింది. "కొంప ముంచేసినావు కదే. రేపేటి ఒండుతావు?"

రాజకుమారి ఖాళీ బిందె కింద పెట్టింది. జరిగింది తెలియని మేస్త్రీ గోపి గట్టు మీంచి కేకేశాడు.

"ఏటలా నిలబడిపోనారు? గుంట ఇంకా ఎలితిగా ఉన్నాది, పొయ్యండి!"

మిగతా ఆడవాళ్ళు బిందెలు చంకన పెట్టుకుని రాజకుమారినే చూస్తున్నారు.

"నాను పొయ్యను" అంది ఆమె.