ఖాళీ సీసా

డిస్పెన్సరీలో మందు కావాలంటే సీసా మనమే పట్టుకెళ్ళాలి. తెల్లవాళ్ళ ప్రభుత్వం మందు ఊరికే ఇచ్చేది కానీ సీసా ఇచ్చేది కాదు. కంపౌండరు మన సీసాలో మందు పోసి, మోతాదుల గాట్లు పెట్టిన కాగితం ముక్క దాని మీద అతికించి పంపేవాడు. దుకాణంలో నూనె కొన్నా అంతే, కిరసనాయిలు కొన్నా అంతే. అందుకే మా దీవిలో, పెతీ రవీన్ ఊళ్ళో ఏ ఇంటికి వెళ్ళినా పొయ్యి వెనకో, మంచం కిందో ఖాళీ సీసాలు వరసగా కనిపించేవి. అవి ఎందుకో ఊళ్ళో పసిపిల్లల్ని అడిగినా చెబుతారు. గ్రామ కౌన్సిల్ మాత్రం వాటిని చెత్త అంది.

కొండయ్య ఆ కౌన్సిల్‌లో సభ్యుడు. శనివారం భజనకు పెద్ద కూడా ఆయనే. దీపం చుట్టూ తిరుగుతూ ఆయన పాట ఎత్తుకున్నాడంటే, తెలుగు అక్షరం ముక్క రాని కుర్రాళ్ళు కూడా గొంతు కలిపేవారు. స్వాతంత్ర్యం రేపో మాపో అంటున్న రోజులవి. ఊరికి ఏదో మంచి చెయ్యాలని ఆయనకు నిజంగానే ఉండేది. ఇంటింటికీ ఒక గోనెసంచి ఇచ్చి, పాత డబ్బాలూ సీసాలూ గుడ్డ పేలికలూ అందులో వేయించాలనీ, లారీ వచ్చి పోర్ట్ లూయీకి పట్టుకుపోతుందనీ, అక్కడ సీసాలు కడిగి మళ్ళీ వాడతారనీ, డబ్బాలు కరిగిస్తారనీ, పెరళ్ళలో నీళ్ళు నిలవక దోమలు పోతాయనీ కౌన్సిల్ తీర్మానించింది. అందులో ఒక్క మాటకీ వంక పెట్టడానికి లేదు. అసలు చిక్కంతా అక్కడే వచ్చింది.

జనం పగిలినవి ఇచ్చారు, పనికొచ్చేవి దాచుకున్నారు. సంచులు నిండలేదు. కొండయ్యకు అది తల కొట్టేసినట్టయింది. ముందు తన ఇల్లే ఊడ్చి పెట్టాడు.

"ఒక్కటైనా ఉంచవయ్యా. అవసరానికి ఉంటుంది" అంది భార్య గౌరీదేవి.

"కౌన్సిలర్ ఇంట్లోనే సీసా దొరికితే ఊళ్ళో తలెత్తుకు తిరగగలనా?" అన్నాడాయన.

తన ఇల్లు ఖాళీ చేసి ఊరుకున్నా బాగుండేది. భజన దీపానికి నూనె తేవాలి, ఒక సీసా ఇవ్వండంటూ సందులో ప్రతి గడపా తొక్కాడు. దేవుడి పేరు చెబితే కాదనేదెవరు? తలా ఒకటి ఇచ్చారు. అవన్నీ తిన్నగా కౌన్సిల్ సంచిలోకి పోయాయి. ఆ శనివారం భజన అయ్యాక ఆయనే ఆ ముచ్చట నవ్వుతూ చెప్పాడు. అందరూ నవ్వారు. ఇంటికెళ్ళి, మిగిలిన సీసాలను ఇంకా లోపలికి తోసేశారు. పెద్దమనిషి అబద్ధమాడి దాన్ని తెలివి అనుకుంటే, ఆ తర్వాత ఆయన నిజం చెప్పినా నమ్మేవాళ్ళుండరు. ఆ మాత్రం కొండయ్యకు తట్టలేదు.

లారీ వచ్చి సంచులన్నీ ఎత్తుకుపోయింది. ఆ మర్నాడు వాన పట్టుకుంది. ఊరున్న కార్తియే మిలితేర్ చుట్టుపక్కల వాన పడితే చలి కూడా వెంట వస్తుంది. కొండయ్య కూతురు పార్వతి అత్తవారి ఊరు ప్లేన్ మాన్యెన్ నుంచి చంటివాణ్ణి ఎత్తుకుని పుట్టింటికి వచ్చి ఉంది. వాడికి ఇంకా అడుగు పడలేదు, గోడ పట్టుకుని నిలబడతాడు. సింహాద్రి అని పేరు పెట్టారు. తెల్లవారుతూనే వాడికి వాంతులూ విరేచనాలూ మొదలయ్యాయి. పొద్దెక్కేసరికి కళ్ళు గుంటలు పడ్డాయి. ఏడుస్తున్నాడు కానీ కన్నీళ్ళు రావడం లేదు. పార్వతికి అది అర్థం కాలేదు. గౌరీదేవికి అర్థమైంది, ఒంట్లో నీరంతా పోయిందని. ఏరు పొంగి వంతెన మునిగింది, బస్సు రాదు. డాక్టరు డిస్పెన్సరీకి వచ్చేది రేపు. ఇవాళ్టికి కంపౌండరే దిక్కు.

గౌరీదేవి ఇత్తడి చెంబు తీసుకుని, మూతికి అరిటాకు కప్పి, వానలో పరుగెత్తింది.

డిస్పెన్సరీలో కంపౌండరు ముస్యే పియర్ ఒక్కడే ఉన్నాడు. పిల్లవాడి సంగతంతా విన్నాడు. మందు కలపడానికి లేచి, చెంబు చూసి ఆగిపోయాడు.

"బుతేయ్ ఏది, మదాం?" అన్నాడు, సీసా కోసం ఆమె చేతుల వంక చూస్తూ.

"లేదు బాబూ. ఇందులో పొయ్యి."

"ఇత్తడిలో పోస్తే ఈ మందు చెడిపోతుంది. పిల్లాడికి ఇంకా ముప్పు. పైగా గంట గంటకీ కొలిచి పట్టాలి, పట్టే ముందు బాగా కుదపాలి. చెంబులో ఎట్లా?"

"మరి నీ దగ్గర ఒకటి లేదా?"

పియర్ వెనక అల్మారా తలుపు తీసి చూపించాడు. అరలు బోసిగా ఉన్నాయి. "ఇక్కడ పడి ఉన్నవి కూడా మీ ఆయనే వచ్చి పట్టుకుపోయాడు. కౌన్సిల్ పని అంటే నేను కాదనగలనా? ఏదో ఒక బుతేయ్ తీసుకురా. నాలుగింటిదాకా ఉంటాను."

గౌరీదేవి మొగుణ్ణి నోటికొచ్చినట్టు తిట్టుకుంటూ సందులోకి వచ్చింది. ముందు అమ్మాయమ్మ ఇల్లు. ఇద్దరూ ఒకే తోటలో చెరుకు నరికి, ఒకే పొయ్యి మీద వండుకున్న రోజులున్నాయి. పురుళ్ళకు ఒకరికొకరు ఆసరా.

"వదినా, ఒక సీసా ఇయ్యి. సింహాద్రికి బాగాలేదు. మందుకి."

అమ్మాయమ్మ గౌరీదేవి మొహం చూడలేదు. ఆమె భుజం మీదుగా వీధిలోకి చూసింది, కొండయ్య సంచి పట్టుకుని గోడ పక్కన నక్కాడేమోనని.

"బుతేయ్ పెనా, వదినా" అంది. మా దీవిలో 'పెనా' అంటే లేదని. ఆ ఒక్క మాటతో ఎంతటి వాణ్ణయినా గుమ్మంలోంచే పంపించెయ్యొచ్చు.

"నీ దగ్గర లేకపోవడమేమిటి? నాకు తెలీదా?"

"మొన్న దీపానికన్నాడు మీ ఆయన. ఇచ్చాను. ఇవాళ పిల్లాడికంటున్నావు. నిన్న సాయంత్రం వాడు మీ అరుగు మీద ఆడుకోవడం నేను చూశానే." అమ్మాయమ్మ తలుపు మీద చెయ్యి వేసి అంది, "నిజమైతే వాడి మీద ఒట్టేసి చెప్పు. ఇస్తాను."

గౌరీదేవి వెనక్కి తగ్గింది. నిజానికైనా సరే, మంచాన పడ్డ బిడ్డ మీద ఒట్టు వేస్తారా ఎవరైనా? ఆ మాట అంటే మృత్యువును పేరు పెట్టి పిలిచినట్టే అనిపించింది. "నా మీద ఒట్టేస్తాను. నా పసుపు కుంకాల మీద వేస్తాను" అంది.

పిల్లాడి మీద ఎందుకు వెయ్యడం లేదో అమ్మాయమ్మ తనకు తోచినట్టు అర్థం చేసుకుంది. "పెనా" అని మళ్ళీ అని, తలుపు చేరవేసింది.

పక్కింటి మిషెలిన్ రెండు చేతులూ చాపి చూపించింది. ఆ పైఇంట్లో లోపల సీసాలు ఒకదానికొకటి తగిలిన చప్పుడు వినిపించింది, గుమ్మంలో మాత్రం పెనా. ఎదురింటి వాళ్ళు, మీ ఆయన్నే అడగవమ్మా, ఊళ్ళో సీసాలన్నీ ఆయన దగ్గరే ఉన్నాయిగా అని నవ్వారు. గౌరీదేవి వాళ్ళ కాళ్ళ మీద పడింది. అది కూడా కొండయ్య నేర్పిన నాటకమే అనుకున్నారు.

ఇక లాభం లేదని కౌన్సిల్ ఆఫీసుకు వెళ్ళింది. కొండయ్య బల్ల దగ్గర కూర్చుని ఉన్నాడు. విషయం చెప్పి, "ఊరంతా తిరిగాను. నీ పుణ్యమా అని ఎవరూ నమ్మలేదు" అంది. "నేను పిల్లాడి దగ్గరికి పోతున్నాను. నువ్వేం చేస్తావో చెయ్యి."

కొండయ్య లేచి పరుగు తీశాడు. ఆయన సందు మొదట్లో కనపడగానే తలుపులు పడటం మొదలైంది. ఎన్నో ఏళ్ళు భజనకు పిలిచిన గొంతుతో ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలిచాడు. ఒక్క తలుపూ తెరుచుకోలేదు. అప్పుడు దుకాణం గుర్తొచ్చింది.

చీనా దుకాణంలో ఖాళీవి లేవు. నిండుగా ఉన్న రమ్ము సీసా ఒకటి కొన్నాడు. పుట్టి బుద్ధెరిగాక చుక్క ముట్టని మనిషి, నుదుట నామం పెట్టుకున్న మనిషి, పట్టపగలు రమ్ము సీసా బిరడా పళ్ళతో పీకి, మొత్తం మురిక్కాలవలో పోశాడు. వానకు చూరు కింద నిలబడ్డ తోటపని వాళ్ళు, అయ్యో అయ్యో అంటూ పడీ పడీ నవ్వారు. ఆయన వాళ్ళ వంక కూడా చూడలేదు.

పియర్ సీసాను మరిగిన నీళ్ళతో కడిగి, మందు పోసి, గాట్లు కత్తిరించిన కాగితం అతికించాడు. కొండయ్య దాన్ని చొక్కా లోపల పెట్టుకుని, జారిపడకుండా పొట్టకు అదుముకుని ఇంటికి వచ్చాడు.

ఇంట్లో దీపం వెలిగించలేదు. పార్వతి గోడకు తల ఆనించి కూర్చుంది. ఏడవడం కూడా లేదు. గౌరీదేవి ఒళ్ళో పిల్లవాడు. పక్కన గిన్నెలో గంజి, చెంచా. వాడి పెదాల పక్కన గంజి చార ఆరిపోయి ఉంది.

"గంటకో గాటు పట్టమన్నాడు" అన్నాడు కొండయ్య. "ముందు బాగా కుదపమన్నాడు." అంటూ సీసాను కుదపసాగాడు.

"ఎవరికి పోస్తావు?" అంది గౌరీదేవి.

ఆయన కుదుపుతూనే ఉన్నాడు. చివరికి పార్వతి లేచి ఆ చేయి పట్టుకుని ఆపింది.

పొద్దున వాన వెలిశాక పిల్లవాణ్ణి మట్టిలో పెట్టి వచ్చారు. చావు జరిగిన ఇంట్లో పొయ్యి రాజెయ్యరు. వచ్చినవాళ్ళకు టీ నీళ్ళకీ, ఇంట్లోవాళ్ళ గొంతు తడవడానికీ ఇరుగుపొరుగే అన్నీ తెస్తారు. సందులో సగం ఇళ్ళకు ఆవులున్నాయి. కబురు తెలియగానే ఆడవాళ్ళంతా ఉన్నవాళ్ళు ఉన్నట్టే వచ్చారు, గుండెలు బాదుకుంటూ, నిజంగా ఏడుస్తూ. ఎవరికీ ఏదీ తట్టలేదు. అలవాటుగా పాలు పోసుకుని, మూతికి కాగితం చుట్టి కుక్కి, తెచ్చి అరుగు మీద పెట్టారు. మిషెలిన్ తెచ్చింది. ఎదురింటివాళ్ళు తెచ్చారు. అరుగు పొడుగునా పాల సీసాలు నిలబడ్డాయి.

కొండయ్య స్తంభానికి ఆనుకుని వాటినే చూస్తున్నాడు. ఆయన చూపు వెంట ఒక్కొక్కరుగా అటు చూశారు. ఏడుపులు ఆగిపోయాయి.

అమ్మాయమ్మ అప్పుడే గేటు దాటింది. అందరూ ఎటు చూస్తున్నారో చూసి, తన చేతిలోది చటుక్కున కొంగు కిందికి తోసింది.

"తే వదినా" అంది గౌరీదేవి లేచి.

"నిజమనుకోలేదే. ఒట్టెయ్యమంటే వెయ్యలేదు నువ్వు. దేవుడి తోడు, మీ ఆయన పంపాడనే అనుకున్నాను" అని అమ్మాయమ్మ గేటు దగ్గరే కూలబడిపోయింది.

గౌరీదేవి ఆమె కొంగు కింద నుంచి సీసా తీసుకుంది. పాలు గిన్నెలో పోసింది. తొట్టి దగ్గరకు వెళ్ళి సీసాలో నీళ్ళు పోసి తిప్పి, పారబోసి, బోర్లించి దులిపి, తెచ్చి అమ్మాయమ్మ చేతిలో పెట్టింది.

"జాగ్రత్తగా దాచుకో" అంది. "మీ ఇంట్లో కూడా పిల్లలున్నారు. ఈసారి నేనే వచ్చి అడిగినా ఇవ్వకు."

తర్వాత మిషెలిన్ సీసా అందుకుని, కాగితం మూత తీసింది.