ఆరో చానల్లో ఒంటరి రౌటర్

నేను ఒక వైఫై రౌటర్‌ని. ప్రస్తుతం కాకినాడలో ఓ పాతసామాన్ల కొట్లో చిల్లుబకెట్టు పాలయ్యాను గానీ, ఒకప్పుడు ఫ్రిజ్ మీద రెండు కొమ్ములతో దర్జాగా కూర్చున్నదాన్నే. నన్ను కొన్న బ్యాంకు ఉద్యోగి బదిలీ మీద వెళ్తూ, పక్కవాటా సువర్చలమ్మకి అప్పగించిపోయాడు. ఆవిడ రిటైరైన హిందీ టీచరు.

మా మాటలు గాల్లో వెళ్లే దారుల్ని చానళ్లంటారు. ఒకదానికొకటి అడ్డురానివి మూడే: ఒకటి, ఆరు, పదకొండు. ఫ్యాక్టరీలో ఏ పుణ్యాత్ముడు నిర్ణయించాడో, ఆ బిల్డింగులో తొమ్మిది రౌటర్లమూ ఆరులోనే ఉండేవాళ్లం. అందరం ఒకేసారి నోరు తెరవడం, ఎవరి మాటా ఎవరికీ వినపడకపోవడం. అచ్చం ఆ బిల్డింగువాళ్ల అసోసియేషన్ మీటింగే.

ఏటా సువర్చలమ్మ బంధువులంతా ఫోన్లలో వీడియో కాల్‌కి చేరి అంత్యాక్షరి ఆడతారు. మూడేళ్లుగా ఫైనల్లో సువర్చలమ్మ, తెనాలిలో ఉన్న అన్నగారి భార్య రాజ్యం చేతిలో ఓడుతోంది. పాటలు రాక కాదు. సరిగ్గా పల్లవి ఎత్తుకునేసరికి తెర మీద నోరు తెరిచి బిగుసుకుపోయేది. "నెట్టు ఆగి, పది లెక్కపెట్టేలోగా రాకపోతే ఓటమే" అని నిబంధన పెట్టింది రాజ్యమే. పైగా ఆ నోరు తెరిచిన ఫొటో ఫ్యామిలీ గ్రూపులో పెట్టేది. ఆ అవమానం ఆవిడని ముల్లులా గుచ్చేది.

ఈసారి ఫైనల్‌కి ముందు, కిందింటి లెక్కల మాస్టారు సోమయాజులుగారిని సలహా అడిగింది.

"ఇది ఆటల సిద్ధాంతమమ్మా. ఎదుటివాడి ఎత్తు ఊహించి మనం ఎత్తు వెయ్యాలి. అందరూ ఆరులో కొట్టుకుంటున్నారు. మీరు చడీచప్పుడూ లేకుండా పదకొండుకి జారుకోండి. ఎవరితోనూ అనకండి," అన్నారాయన.

అదే రహస్యం ఆయన మిగతా ఇళ్లలోనూ చెప్పారు, ఒక్కొక్క కాఫీకి ఒక్కోసారి. శనివారం సాయంత్రానికి ఎనిమిది రౌటర్లూ, మాస్టారిదీ కలిపి, పదకొండులో కిక్కిరిశాయి. ఎవరికి వారు తామే గడుసువాళ్లమనుకున్నారు.

సువర్చలమ్మ మాత్రం కదల్లేకపోయింది. చానల్ మార్చడానికి కావలసిన నా సెట్టింగుల పాస్‌వర్డ్ రాసిన కాగితాన్ని ఎప్పుడో కందిపొడి డబ్బా అడుగున వేసి, అది మరిచిపోయి డబ్బాని ఎవరికో ఇచ్చేసింది. "నా ఖర్మ, ఈ ఏడూ అంతే!" అని కళ్లు తుడుచుకుంది. నాకు జాలేసింది.

ఆదివారం పొద్దున ఆట మొదలైంది. ఆరో చానల్లో నేనొక్కదాన్నే! సువర్చలమ్మ పాట మీద పాట, చరణాలతో సహా, గుక్క తిప్పుకోకుండా పాడింది. చివరికి రాజ్యం వంతు వచ్చింది. ఎంత తడుముకున్నా పాట తట్టలేదు. ఒక్క క్షణం ఆలోచించి, నోరు తెరిచి, చెయ్యి గాల్లో ఆపి, కదలకుండా ఉండిపోయింది. పాట రాక ఓడటం కన్నా నెట్టు పోయి ఓడటం మర్యాద కదా!

సువర్చలమ్మ తీరిగ్గా లెక్కపెట్టింది. ఏడు అనేసరికి, బిగుసుకుపోయిన రాజ్యం వెనకాల నుంచి అన్నగారు తుండుగుడ్డ కట్టుకుని తాపీగా నడిచివెళ్లారు.

"అన్నయ్యా, పనిలో పనిగా వదిన నోరు కాస్త ముయ్యి. దోమలు దూరతాయి," అంది సువర్చలమ్మ.