ఇండికేట్ కార్డు

పదకొండు, పన్నెండు, పదమూడు. మెట్లు లెక్కపెట్టుకుంటూ ఎక్కి, గోడవారన ఎడమకు తిరిగి, కుర్చీని చేత్తో తడిమి మరీ కూర్చున్నాడు ఆయన. నిఘంటువు ఆఫీసులో ఇరవై రెండేళ్ళుగా ఇంగ్లీషు మాటలకు అర్థాల కార్డులు రాసే గుమాస్తా. ఏడాది కిందట అక్షరాలు చీమలబారుల్లా అయ్యాయి. ఇప్పుడు ఆ చీమలు కూడా కనిపించడం లేదు. ఈ సంగతి భార్యకు తప్ప ఎవరికీ తెలియదు. తెలిసిన రోజున ఈ కుర్చీ ఉండదు. కుర్చీ లేకపోతే తను ఎవరో ఆయనకే తెలియదు.

కార్డులు ఇంట్లో ఆయన చెబుతుంటే భార్య రాస్తుంది. ఆయన కంఠతా పడతాడు. ఈ ఉదయం ఒకే గ్లాసులో టీ చెరో గుక్కా తాగుతూ రాశారు.

"మీతో కాపురం చేసి నేనూ సగం నిఘంటువునయ్యాను" అంటూ ఆవిడ కార్డును ఆయన జేబులో పెట్టి, పైనుంచి ఒకసారి తట్టింది. ఆ తట్టుతోనే ఆయనకు బస్సెక్కే ధైర్యం వచ్చింది.

ఆఫీసులో ఒక పద్ధతి ఉంది. కార్డు రాసినవాడే, తప్పులు దిద్దే ఆవిడ ఎదుట నిలబడి, ప్రతి వరుస కిందా వేలు నడుపుతూ పైకి చదవాలి. అప్పుడే అది సొరుగులోకి వెళుతుంది. ఆవిడ చేతిలో పడ్డ వాక్యం సాంతం తిరిగిరాదు కనుక అందరూ కత్తెరమ్మ అంటారు.

"రండి అన్నయ్యా. ఇవాళ ఏ మాట?"

"ఇండికేట్ అమ్మా."

లేచి ఆవిడ బల్ల ముందు నిలబడ్డాడు. కార్డు తీసి వేలు ఆనించాడు.

"ఇండికేట్, క్రియ. సూచించు, తెలియజేయు. వాడుక: వేలితో చూపినా, అంకెలతో తెలిపినా, చెప్పకనే చెప్పినా ఈ మాటే. ఉదాహరణ: పొగ నిప్పును సూచిస్తుంది. పుట్టుక: లాటిన్. ఆ భాషలో చూపుడువేలికున్న పేరుకు దగ్గరి చుట్టం."

ఒక్క తప్పు లేదు. వేలు ఎక్కడా తడబడలేదు.

అయినా కత్తెరమ్మ లేచి వచ్చి, కార్డును మెల్లగా తిరగేసి ఆయన చేతిలో పెట్టింది. ఇంతసేపూ ఆయన చదివింది ఖాళీ వైపు.

"ఎన్నాళ్ళయింది?" గొంతు తగ్గించి అడిగింది.

"ఏడాది."

"చెప్పొచ్చుగా. నేనేమన్నా పులినా?"

"కత్తెరవి కదమ్మా."

ఇద్దరికీ నవ్వు రాబోయి ఆగిపోయింది.

"నేనెవరికీ చెప్పను అన్నయ్యా."

"నువ్వు చెప్పకపోయినా తప్పు తప్పేగా. రేపు ఏ పిల్లో పుస్తకం తెరిచి, నేను చూడని తప్పును నిజమనుకుంటుంది."

కార్డును ఆవిడ చేతికిచ్చాడు. ఇక ఆఫీసుకు రానన్నట్టు సొరుగు తాళంచెవి బల్లమీద పెట్టాడు.

"ఈ కార్డును మాత్రం కత్తిరించకు."

"ఒక్క అక్షరం ముట్టుకోను."

పదమూడు, పన్నెండు, పదకొండు. అడుగులు మెట్లు దిగిపోయాయి. కత్తెరమ్మ కార్డును సొరుగులో పెట్టబోయి వెలుగుకు పట్టి చూసింది. ఏమీ రాయని వైపు, చెమటపట్టిన వేలు నడిచిన ఐదు వరుసలు ఇంకా తడిగానే ఉన్నాయి.