పెరటి తలుపు బియ్యం

దయారత్నం గారు పోతూ పోతూ పంజగుట్టలోని తన రెండు ముల్గీల, అంటే దుకాణపు గదుల, కిరాయిని బియ్యానికి రాసిపోయారు. ఆ కిరాయితో కొన్న బియ్యం అమీర్‌పేటలో తమ ఇంటి పెరటి తలుపు పక్కన రేకు డబ్బాలో పోసి ఉంచాలి. అవసరమున్నవాళ్లు వచ్చి కొలుచుకుపోవాలి. అంతే ధర్మం. ఇచ్చేవాళ్లెవరూ అక్కడ నిలబడరు. వచ్చిన అలికిడైతే ఆయన భార్య వజ్రమ్మ పొయ్యి వైపు తిరిగి కూచునేది.

కోడలు జీవమణికి ఈ వరస బొత్తిగా నచ్చలేదు. గుంటూరు పిల్ల. ఆమె పుట్టింటివైపు దానమంటే చాటుమాటు పని కాదు. పందిరి వేస్తారు, పాస్టరుగారు ప్రార్థన చేస్తారు, దాత పేరు రాతిమీద చెక్కిస్తారు. అది చూసి పదిమందికీ ఇచ్చే బుద్ధి పుడుతుందని ఆమె నమ్మకం, అందులో అబద్ధమూ లేదు.

"మామయ్యగారి పేరు ఇలా పెరట్లో పడుంటే రేపు మన పిల్లలకి ఈ నిధి సంగతేం తెలుస్తుందండీ? మనతోనే ఆగిపోతుంది" అని భర్త చెవిలో ఇల్లు కట్టుకుని పోరింది. క్రీస్తుదాసు ఆఫీసు తప్ప మరో లోకం తెలియని మనిషి. "నీ ఇష్టం" అని ఊరుకున్నాడు.

వజ్రమ్మ కూతురి పురిటికి బొల్లారం వెళ్లగానే పెరటి తలుపుకి గొళ్లెం పడింది. రెండో ప్రపంచ యుద్ధం రోజులవి, బియ్యం దొరకడమే గగనంగా ఉంది. ఆదివారం సాయంత్రం ఇంటి ముందు షామియానా లేచింది. కుర్చీలొచ్చాయి, ఆబిడ్స్ నుంచి ఫోటోగ్రాఫరు వచ్చాడు. పేరు పిలిస్తే ఒక్కొక్కరే వచ్చి సంచీ అందుకోవాలని జీవమణి ఏర్పాటు.

"ఇమామ్ బీ గారు" అని పిలిచింది. వెనక సందులో ఉండే పెద్దావిడ, భర్త పోయాక మనవరాలిని పెంచుకుంటోంది. బురఖాలో మెల్లగా నడిచి వచ్చింది. ఆమె సంచీ అందుకోబోతుంటే ఫోటోగ్రాఫరు తల అడ్డంగా ఊపాడు.

జీవమణి నవ్వుతూనే అంది. "ఏంటండీ, ఈ ఒక్కసారికి ముసుగు పైకి తీయండి. ముఖం పడకపోతే ఇంక ఫోటో ఎందుకు?"

ఆమె మనసులో చెడు లేదు. చెడు లేకుండానే మనిషి ఎంత పని చెయ్యగలదో ఆమెకి అప్పటికి తెలియదు. ఇమామ్ బీ కాసేపు సంచీ వైపు చూసింది. తర్వాత ముసుగు తీసింది.

మళ్లీ వారం కబురు పెడితే ఒక్కరూ రాలేదు. ఆ పై వారమూ అంతే. ఊరంతా బియ్యానికి అల్లాడుతుంటే ఈ ఇంట్లో డబ్బాకి పురుగు పట్టింది. జనానికి విశ్వాసం లేదని జీవమణి తెగ నొచ్చుకుంది.

బొల్లారం నుంచి తిరిగొచ్చిన వజ్రమ్మ, హాల్లో కొత్తగా వేలాడుతున్న ఫోటో ముందు ఆగిపోయింది.

"గీమెను ఎందుకు నిలబెట్టినవ్ బిడ్డా?"

"బియ్యం ఇచ్చామత్తయ్యా. మామయ్యగారి పేరు నలుగురికీ తెలియాలని."

వజ్రమ్మ కుర్చీ పట్టుకుని కూర్చుంది. "మీ మామ కరువుల గీ ఊరికి ఒట్టి చేతుల్తోని వచ్చిండు. ఇమామ్ బీ వాళ్ల పెరటి తలుపుకాడ్నే బతికిండు. ఆమె అప్పుడు కొత్త కోడలు. బియ్యం గడప మీద పెట్టి, గోడ దిక్కు తిరిగి నిలబడేదట. ఆమె మొఖం ఈయన చూడలె, ఈయన మొఖం ఆమె చూడలె. మనం పెట్టేది సుత ఆ ఇంట్ల నేర్చుకున్నదే."

జీవమణికి చెవులు వేడెక్కాయి. ముసుగు తీయమన్న తన గొంతు తనకే వినిపించింది, ఆ నవ్వుతో సహా. అత్తగారు తిట్టి ఉంటే బాగుండేది. ఆవిడ తిట్టలేదు, అదే భరించలేకపోయింది. సిగ్గుతో చచ్చిపోతూ ఫోటో దింపి కొంగు కింద పెట్టుకుంది. పెరటి తలుపు గొళ్లెం తీసి వెనక సందులోకి నడిచింది. ఇమామ్ బీ ముందు వాకిట్లోకి వెళ్లడానికి ఆమెకి మొహం చెల్లలేదు.

ఇమామ్ బీ పెరటి తలుపు తీసింది. జీవమణి తల ఎత్తకుండానే ఫోటో ఆమె చేతిలో పెట్టింది.

"తప్పు చేశానండీ. మా పెరటి తలుపు మళ్లీ తీశాను. మీరు..."

వస్తారా అని అడగబోయింది. అలా అడిగే అర్హత తనకుందా అనిపించింది. ఆపుకుందామన్నా ఆగకుండా ఏడుపు తన్నుకొచ్చింది. కొంగు నోట్లో కుక్కుకుంది.

ఇమామ్ బీ ఆ ఫోటోని చూడనైనా లేదు. బోర్లా పెట్టేసి, మెల్లగా గోడ వైపు తిరిగి నిలబడింది.

"ఏడ్వు బిడ్డా. నేను చూస్తలేను."